నీటి మీద నడిచే పిట్ట: మీ ప్రశ్నలు, నా జవాబులు

కోరుట్ల నుంచి ఒక పాఠకురాలు పంపిన వీడియోలోంచి ఒక ఫొటో తీసి పోయిన సంచికలో వేశాం. ఈ పిట్ట గురించి మీకేం తెలుసుకోవాలని ఉందో రాయమన్నాం. చెరువులు, వాగులు, గోదావరి తప్ప సముద్రం ఊసు లేని మన వైపు నుంచి బోలెడు ఉత్తరాలు వచ్చాయి. చాలా సంతోషంగా ఉంది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు రాస్తున్నాను. మొదట ఆ వీడియో పంపిన అమ్మాయి ఉత్తరమే.

ప్రశ్న: నమస్తే మేడం. మా తమ్ముడు సరుకుల ఓడలో వంట పని చేస్తాడు. జులైలో ఒమన్‌లోని సలాలా దగ్గర ఉన్నప్పుడు వాట్సాప్‌లో ఈ వీడియో పంపాడు. నల్లటి చిన్న పిట్ట, తోక మొదట్లో తెల్లగా ఉంది. రెక్కలు పైకెత్తి, కాళ్లతో నీళ్ల మీద నడుస్తోంది. ఇది కనబడితే తుఫాను వస్తుందని ఓడలో ఒక పెద్దాయన అన్నాడట. అది విన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. ఇది ఏ పిట్ట? ఆ మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, కోరుట్ల

జవాబు: అమ్మా, ముందు ఈ నాలుగు ముక్కలు మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఆ పిట్ట తుఫాను తేదు. తుఫాను వస్తుందని చెప్పదు కూడా. ఏటా మే నుంచి సెప్టెంబరు దాకా ఒమన్ తీరానికి అవతల మామూలుగా తిరిగే పిట్టే అది. తుఫాను నమ్మకం పాతకాలం యూరప్ నావికుల నుంచి వచ్చింది. గాలి ముదిరితే ఈ పిట్టలు ఓడ చాటుకు చేరతాయి. ఓడ వెనక లేచే నురగలో తిండి వెతుక్కుంటాయి. గాలివానకు కాస్త ముందు ఓడ దగ్గర కనబడేసరికి, గాలివానను అవే తెచ్చాయని వాళ్లు అనుకున్నారు.

ఇంకో సంగతి కూడా అమ్మగారికి చెప్పండి. అరేబియా సముద్రంలో తుఫాన్లు ఎక్కువగా వచ్చేది రుతుపవనాలకు ముందు మే, జూన్ నెలల్లోనూ, అవి వెళ్లిపోయాక అక్టోబరు, నవంబరుల్లోనూ. సలాలా వైపు పెద్ద నష్టం చేసిన మెకును తుఫాను 2018 మే నెలలో వచ్చింది. జులైలో అక్కడ అలలు పెద్దవే, గాలి గట్టిదే, కానీ తుఫాను రావడం చాలా అరుదు. వీడియోలో హోరున వినిపించేది రుతుపవనాల గాలి.

ఇక పిట్ట. దీన్ని విల్సన్ స్టార్మ్ పెట్రెల్ అంటారు. వీడియోను ఆపి ఆపి చూశాను. తోక మొదట్లో ఉన్న తెలుపు వీపు మీదే ఆగిపోకుండా రెండు పక్కలకూ దిగింది. తోక చివర చీలిక లేదు, తిన్నగా కోసినట్టుంది. పైకి లేచినప్పుడు పాదాలు తోక దాటి వెనక్కి పొడుచుకొచ్చాయి. ఈ మూడూ కలిసి కనబడితే అనుమానం పెట్టుకోనక్కర్లేదు. అరేబియా సముద్రంలో తిరిగే స్విన్‌హో స్టార్మ్ పెట్రెల్ కూడా ఇలాగే నల్లగా ఉంటుంది కానీ దానికి ఆ తెలుపు ఉండదు. వేళ్ల మధ్య చర్మం పసుపు రంగులో ఉండటం విల్సన్‌కు ఇంకో గుర్తు. అది కనిపించాలంటే పిట్ట బాగా దగ్గరికి రావాలి.

బరువు 30 నుంచి 40 గ్రాములు. మన ఊరపిచ్చుక కంటే కాస్త పెద్దది, అంతే. ఇంత పిట్ట పుట్టేది అంటార్కిటికా తీరంలో, దాని చుట్టూ ఉన్న చలి దీవుల్లో. అంటార్కిటికా తీరం నుంచి సలాలాకు నేరుగా గీత గీసి కొలిస్తేనే 9,000 కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణాన చలికాలం మొదలయ్యే ముందు, మార్చి, ఏప్రిల్‌లలో బయల్దేరి భూమధ్యరేఖ దాటి వస్తుంది. మళ్లీ నవంబరు కల్లా వెనక్కి వెళ్తుంది.

అంతదూరం సలాలాకే ఎందుకు రావాలి? రుతుపవనాల గాలి జూన్ నుంచి ఒమన్, సోమాలియా తీరాల వెంట బలంగా వీస్తూ పైనీటిని తీరం నుంచి దూరంగా తోసేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. ఆ నీళ్లతో పాటు సముద్రపు ఎరువంతా పైకి వస్తుంది. దానితో కంటికి కనబడని నాచు పెరుగుతుంది, నాచును తిని చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవాలు పెరుగుతాయి. అవే ఈ పిట్టకు తిండి. మీ ఊళ్లో వరి నాట్లకు వాన తెచ్చే గాలి, అక్కడ మీ తమ్ముడి ఓడ పక్కన ఈ పిట్ట కడుపు నింపుతోంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నేను రుతుపవనాల వార్తలను ఇంకోలా వింటున్నాను.

నీటి మీద నడక గురించి చాలామంది అడిగారు. నిజానికి అది నడక కాదు. పిట్ట గాలికి ఎదురుగా తిరిగి రెక్కలు చాపి ఉంచుతుంది. గాలి దాన్ని లేపుతుంది, వెనక్కీ నెడుతుంది. పాదాలు నీళ్లలో పెట్టగానే నీరు పట్టి ఉంచుతుంది. సంక్రాంతికి హన్మకొండ డాబాల మీద పతంగి ఎగరేసే పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. మాంజా లాగి పట్టుకుంటేనే పతంగి నిలబడుతుంది, మాంజా తెగితే గాలి వెంట కొట్టుకుపోతుంది. ఈ పిట్టకు నీళ్లలోని పాదాలే మాంజా. అలా ఒకచోట నిలబడి, ముక్కుతో పైనీటి మీది జీవాలను ఏరుకుంటుంది.

మీ తమ్ముడికి నా తరఫున ఒక మాట చెప్పండి. చీకటి రాత్రుల్లో ఈ పిట్టలు ఓడ దీపాలకు ఆకర్షితమై వచ్చి డెక్ మీద పడుతుంటాయి. వాటి కాళ్లు నేల మీద నడవడానికి పనికిరావు, పడ్డచోట నుంచి లేవలేక గ్రీజులో, నూనెలో కూరుకుపోతాయి. వంటగది కిటికీకి రాత్రిపూట పరదా వేస్తే మేలు. పిట్ట దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకట్లో, దీపాల వెలుగు లేని పక్క నుంచి వదిలిపెట్టమనండి. తిండి పెట్టొద్దు, ఫొటోల కోసం చేతులు మార్చొద్దు.

ప్రశ్న: మేడం, నేను తొమ్మిదో తరగతి. సముద్రం నీళ్లు ఉప్పు కదా, ఆ పిట్ట నెలల తరబడి ఏం తాగుతుంది?
– ఒక విద్యార్థి, పరకాల

జవాబు: ఆ ఉప్పు నీళ్లే తాగుతుంది బిడ్డా. మనం సముద్రపు నీళ్లు తాగితే, ఆ ఉప్పును మూత్రంలో బయటికి పంపడానికి తాగినదానికంటే ఎక్కువ నీళ్లు ఖర్చవుతాయి. అందుకే దాహం తీరకపోగా ప్రాణం మీదికొస్తుంది. ఈ పిట్టకు కళ్ల పైభాగంలో రెండు గ్రంథులు ఉంటాయి. రక్తంలోని ఉప్పును అవి లాగేసి, చిక్కటి ఉప్పునీరుగా ముక్కు దారిన బయటికి పంపేస్తాయి. దీని ముక్కు బొమ్మను చూడు. పైన చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలోంచే ఉప్పునీరు కారుతుంది. పెద్ద ఆల్బట్రాస్‌కు కూడా ఇలాంటి ముక్కు గొట్టాలే. అది దీనికి చుట్టం. రెక్కలు చాపితే ఆల్బట్రాస్ మూడు మీటర్లు దాటుతుంది, ఇది అర మీటరు కూడా ఉండదు.

ప్రశ్న: ఎటు చూసినా నీళ్లే. అందులో తిండి ఎక్కడుందో ఇంత చిన్న పిట్టకు ఎలా తెలుస్తుంది?
– ఒక మర కార్మికుడు, సిరిసిల్ల

జవాబు: వాసనతో. పక్షులకు వాసన తెలియదని మా చదువుల రోజుల్లో చాలా పుస్తకాల్లో ఉండేది. ఈ జాతి పిట్టలు ఆ మాటను తిరగరాశాయి. ఇందాక చెప్పిన నాచును రొయ్యల్లాంటి క్రిల్ కొరికి తింటున్నప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు బయటికి వస్తుంది. సముద్రతీరంలో మనకు తగిలే ఆ ప్రత్యేకమైన వాసనలో దాని పాలు ఉంది. గాబ్రియెల్ నెవిట్ అనే అమెరికా శాస్త్రవేత్త అంటార్కిటిక్ సముద్రంలో నూనెకు ఈ వాసన కలిపి నీళ్ల మీద వదిలి చూశారు. పక్కన వాసన లేని మామూలు నూనె కూడా వదిలారు. స్టార్మ్ పెట్రెల్స్ వాసన ఉన్నదాని దగ్గరికే ఎక్కువగా వచ్చాయి. 1995లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. అంటే క్రిల్ మేస్తున్న చోటు పిట్టకు కనబడనక్కర్లేదు. గాలి కబురు మోసుకొస్తుంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక సెలవుల్లో కర్ణాటకలోని మల్పే రేవు నుంచి చేపల పడవలో లోపలికి వెళ్లాం. తీరం కనుమరుగైన చాలాసేపటికి పడవవాళ్లు ఇంజన్ ఆపి, చేపల పేగులు, తలకాయలు నీళ్లలో పోశారు. నీటి మీద జిడ్డు మెరుస్తూ సాగింది. చుట్టూ ఒక్క పిట్ట లేదు. అందరూ గాలి వచ్చే వైపు చూస్తున్నారు. పడవ నడిపే ఆయన మాత్రం గాలి పోయే వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి అటునుంచే వచ్చాయి, నీటిని ఒరుసుకుంటూ, గాలికి ఎదురీదుతూ, ఒకటి, మూడు, ఆ తర్వాత ఒక చిన్న గుంపు. వాసన ఎటు పోయిందో అటునుంచి పిట్టలు వచ్చాయి. మాకు పుస్తకాల్లో ఉన్నది, ఆయనకు అనుభవంలో ఉంది. వాటిలో ఒకటి మా పడవకు రెండు మూరల దూరంలో జిడ్డు మీద నిలబడింది. పాదం నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ వేళ్ల మధ్య ఆ పసుపు చర్మం ఎండకు తళుక్కుమంది. మిగతా ఒళ్లంతా మసి రంగు, ఆ వేళ్ల సందుల్లో మాత్రం పసుపు. ఎందుకలా అని పక్కనున్న విద్యార్థిని అడిగింది. ఆ రంగు కదలికకు చిన్న జీవాలు పైకి వస్తాయని కొందరంటారు, రుజువు మాత్రం లేదని చెప్పాను.

ప్రశ్న: అంత చలిలో, మంచులో గూడు ఎక్కడ పెడుతుంది? మన దేశం వాళ్లెవరైనా చూశారా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హన్మకొండ

జవాబు: నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అడిగారు సార్. ఈ పిట్ట కథంతా ఇక్కడే ఉంది.

అంటార్కిటికాలో మన పరిశోధన కేంద్రాలు ఇప్పుడు రెండు నడుస్తున్నాయి: 1989 నాటి మైత్రి, 2012లో మొదలైన భారతి. భారతి ఉన్నది లార్సెమన్ కొండల్లో. మంచు కప్పని రాతి నేల అది. ఆ కొండల్లోని రాతి పగుళ్లలో ఈ పిట్టలు గూళ్లు పెడతాయి. మన శాస్త్రవేత్తలు అక్కడి పక్షులను లెక్కిస్తూ వీటి గూళ్లనూ నమోదు చేశారు. కాబట్టి ఒమన్ దగ్గర కనబడే పిట్ట, మన జెండా ఎగిరే చోట కూడా పిల్లల్ని పెంచుతోంది.

గూడు అంటే పుల్లలూ పీచూ పెద్దగా ఉండవు. రాళ్ల సందులో చెయ్యి దూరేంత కన్నం, లోపల ఒక్క తెల్లటి గుడ్డు. ఏడాదికి ఒకే గుడ్డు. దాని బరువు తల్లి బరువులో దాదాపు నాలుగో వంతు. తల్లీ తండ్రీ వంతులేసుకుని నలభై రోజులకు పైగా పొదుగుతాయి. ఒకటి లోపల కూర్చుంటే, రెండోది సముద్రం మీద రోజుల తరబడి తిండి వెతుకుతుంది. పిల్ల బయటికొచ్చాక ఇంకో రెండు నెలలు. తిన్నదాన్ని కడుపులో చిక్కటి నూనెగా మార్చుకుని తెచ్చి పిల్లకు పోస్తాయి. పచ్చి తిండిని మోసుకొచ్చే కన్నా ఆ నూనెలో బలం ఎన్నో రెట్లు ఎక్కువ, మోత తక్కువ. అది తాగి పిల్ల ఒక దశలో అమ్మానాన్నలకంటే బరువెక్కుతుంది. ఆ కొవ్వే దాని ఆస్తి.

ఎందుకంటే గూటి మీద మంచు పడుతుంది. గట్టి మంచు కురిసి కన్నం నోరు మూసుకుపోతే తల్లిదండ్రులు లోపలికి రాలేవు. పిల్ల ఒంట్లో కొవ్వు ఉన్నన్నాళ్లు బతుకుతుంది. మంచు తొందరగా కరిగితే సరే. లేకపోతే ఆకలితో లోపలే పోతుంది. మంచు ఎక్కువ పడ్డ ఏళ్లలో ఇలా ఎన్నో పిల్లలు పోతాయి.

రెండో ప్రమాదం స్కువా. గద్ద బుద్ధి ఉన్న సముద్ర పక్షి. స్టార్మ్ పెట్రెల్ సముద్రం మీద ఎంత చురుకైనదో నేల మీద అంత నిస్సహాయురాలు. మోకాళ్ల మీద దేకుతున్నట్టు జరుగుతుంది. పగలు గూటికి వస్తే స్కువా నోట్లో పడ్డట్టే. అందుకే చీకట్లో వస్తుంది. వెన్నెల రాత్రుల్లో రాకపోకలు తగ్గించుకుంటుంది. చీకట్లో అన్ని రాళ్లూ ఒకలాగే ఉంటాయి కదా అంటారా, అక్కడా వాసనే దారి చూపుతుంది. ఈ పిట్టల ఒంటికి ఘాటైన వాసన ఉంటుంది, గూటికీ అది పడుతుంది. లోపలున్న జత గరగరమని పిలుస్తుంది కూడా.

అలలకు వెరవని ఈ పిట్ట బతుకు మట్టుకు నేల మీద ఒక జానెడు రాతి సందు మీద ఆధారపడింది. సముద్ర పక్షులను కాపాడాలంటే సముద్రాన్ని మాత్రమే చూస్తే చాలదు. ఆ సందును చూడాలి.

ప్రశ్న: ప్రపంచంలో చాలా ఎక్కువగా ఉన్న పక్షుల్లో ఇదొకటి అని ఫొటో కింద రాశారు. అలాంటప్పుడు దీని గురించి దిగులెందుకు?
– ఒక ఉపాధ్యాయురాలు, భూపాలపల్లి

జవాబు: నిజమే, లక్షల జంటలు ఉన్నాయి. అంతరించే ముప్పున్న జాబితాలో ఇది లేదు. కానీ ఎక్కువ ఉన్నవాటిని ఎవరూ లెక్కపెట్టరు. కన్నాల్లో ఉండి చీకట్లో తిరిగే పిట్టను లెక్కించడం మరీ కష్టం. అంటార్కిటికా ద్వీపకల్పం పక్కనున్న కింగ్ జార్జ్ దీవిలో 1978 నుంచి నాలుగు దశాబ్దాల లెక్కలను కలిపి చూస్తే, అక్కడి గూళ్లు విపరీతంగా తగ్గిపోయాయని తేలింది. ఆ ప్రాంతం వేగంగా వేడెక్కుతోంది, క్రిల్ ఉండే తీరు మారుతోంది. దీని కడుపులో ప్లాస్టిక్ ముక్కలు దొరికిన దాఖలాలూ ఉన్నాయి. ఓడల నుంచి ప్లాస్టిక్ సముద్రంలో వేయడం 1988 డిసెంబరు నుంచి అంతర్జాతీయంగా నిషేధం. పాటించేది మనుషులే కాబట్టి, ఓడల్లో పనిచేసే మన పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

మంచి కబురు ఒకటి చెప్తాను. దీని దగ్గరి చుట్టమే న్యూజిలాండ్ స్టార్మ్ పెట్రెల్. 19వ శతాబ్దంలో దొరికిన మూడు పాత నమూనాలు మ్యూజియంలలో ఉన్నాయి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. ఆ జాతి పోయిందనే అనుకున్నారు. 2003లో పక్షులను చూడడానికి పడవెక్కినవాళ్లకు అది కనబడింది, ఫొటోలకూ దొరికింది. మరి గూడెక్కడ? పిట్టలను పట్టి, చిన్న రేడియో పరికరాలు అతికించి వెంబడిస్తే, 2013లో హౌతురు అనే దీవిలో, అడవి నేలలో గూళ్లు బయటపడ్డాయి. న్యూజిలాండ్‌లో అన్నిటికంటే పెద్ద నగరమైన ఆక్లండ్‌కు అది ఎంతో దూరం కాదు.

ఆ దీవిలో మనుషులతో పాటు వచ్చిన పిల్లులు, ఎలుకలు ఉండేవి. 1980 కల్లా పిల్లులను, 2004లో ఎలుకలను పూర్తిగా తొలగించారు. అక్కడ ఈ పిట్ట ఉందని ఎవరికీ తెలియకుండానే చేసిన పని అది. వేరే పక్షుల కోసం శుభ్రం చేసిన దీవిలో ఇది కూడా బతికి బయటపడింది. నా దృష్టిలో ఇటీవలి కాలంలో పక్షుల కోసం మనుషులు చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి. మీ క్లాసులో పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి టీచర్.

ప్రశ్న: మేడం, ఇది ఎప్పుడైనా మన పాకాల చెరువుకు వస్తుందా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: తనంతట తాను రాదు. పాకాలలో దానికి తిండి లేదు, పని లేదు. అయితే పెద్ద తుఫాన్లప్పుడు సముద్ర పక్షులు గాలికి కొట్టుకొచ్చి తీరం నుంచి చాలా లోపల పడిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. బంగాళాఖాతం తుఫాను మన దాకా వచ్చిన మర్నాడు పొలం గట్టున, చెరువు కట్టన కొత్త పిట్ట సొమ్మసిల్లి కనబడితే, ముక్కు మీద చిన్న గొట్టం ఉందేమో చూడండి. ఉంటే అది ఈ కుటుంబానిదే. చచ్చిపోయేలా ఉంది కదా అని నీళ్లు చల్లొద్దు, బియ్యపు గింజలు నోట్లో కుక్కొద్దు, చెరువులో విసరొద్దు. మూతకు కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పాత బట్ట పరిచి ఉంచి, కుక్కలూ పిల్లలూ రాని చోట పెట్టి, వెంటనే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. దొరికిన చోటు, తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి పెట్టెకు అంటించండి. ఫొటో తీస్తే పైనుంచి ఒకటి, ముక్కు కనబడేలా పక్కనుంచి ఒకటి తీసి పత్రికకు పంపండి. ఏ పిట్టో చూసి, వచ్చే సంచికలోనే చెప్తాను.